స్టేజి పేరు

పద్నాలుగేండ్లు ఆ పేరు పిలిచిన.
భరత్‌నగర్ బ్రిడ్జి దిగంగనే
టికెట్ మిషను చంకల పెట్టుకొని
ఎర్రగడ్డ, ఎర్రగడ్డ అని.
పిలిచినప్పుడల్లా బస్సుల ఎవడో ఒకడు
పక్కోని భుజం మీద చరిచి
"అరె, నీ స్టాపొచ్చింది, దిగు" అంటడు.
నవ్వుతరు.
నేను గూడ నవ్విన, అబద్ధమెందుకు,
చిల్లర లెక్కవెట్టుకుంట నవ్విన.

ఒక శ్రావణంల నా నిద్ర పోయింది.
మొదలు నాలుగు రాత్రులు. తర్వాత లెక్క తప్పింది.
ఆడోళ్ళకు జీరో టికెట్లు కొట్టుకుంట కొట్టుకుంట
కాయితం చుట్టంత సీట్ల కిందికి ఊడి పోతున్నా
నా బొటనవేలు ఆగలే.
మూసాపేట కాడ బండి ఆపి డ్రైవరు సాల్మన్
నా చేతిలకెల్లి మిషను తీసుకున్నడు,
పండుకున్న పిల్ల చేతిలకెల్లి బొమ్మ తీసినట్టు.
ఆ పొద్దు నేను దిగిన స్టేజి ఏందో
మీకు చెప్పక్కర లేదు.

నలభై ఒక్క దినాలు.
పక్క మంచం ఓబులమ్మది, ఆదోని మనిషి.
"మా పక్క ఎర్రగడ్డంటే కూరలోకేసుకునేది మ్మే,
దానికి యాల భయం?" అనేది.
పప్పుల అది పడని రోజు గిన్నె మోగించి
ఊరి పేరేమో ఎర్రగడ్డ
సట్టిలో ఎర్రగడ్డ లేదేమని అడిగేది.
నేను చూసిన మొదటి ధర్నా అదే.

డిపోకు తిరిగొస్తే అదే క్యాంటీను.
నేను తాగిన గ్లాసు మాత్రం
రెండుసార్లు కడిగిన్రు.
సెలవు కాయితంల జ్వరమని రాయియ్యి,
పిల్ల పెండ్లి గావాలె గదా, అన్నది చంద్రకళక్క.
నా మంచికే అన్నది.
జ్వరం గాదు. రాయలే.

యూనియన్ మీటింగు.
జీతాలయినయి, డబుల్ డ్యూటీలయినయి,
కొండాపూర్ దిక్కు ఆడోళ్ళకు బాత్రూం లేని ముచ్చటైంది.
ఆఖరుకు నేను లేచిన.
"నిద్ర" అన్న.
ఒక్క మాటే వచ్చింది. కూసున్న.
తెల్లారి ముగ్గురొచ్చిన్రు, ఒకరికి తెల్వకుంట ఒకరు,
ముగ్గురూ మా చుట్టపామె ఒకామెకు అనే మొదలువెట్టిన్రు.

బస్తీ దవాఖానల గోళీలు నిండుకున్న నెల
సోమవారం కలెక్టరాఫీసుకు పోయినం.
తలాబ్‌కట్ట జరీ పని రుక్సానా ఆపా,
కొడుకుకు గోడలు మాట్లాడుతయి.
లైన్‌మన్ పని చేసి దిగిన కనకలింగం సారు,
కరెంటు గురించి తప్ప దేని గురించీ మాట్లాడడు.
హాస్టలుకెల్లి ఒక పిల్ల, పేరు చెప్పొద్దన్నది.
గుమాస్త అర్జీ సదివి తల ఎత్తకుంట
"ఇండ్ల పేషెంటు గాని మంచోళ్ళెవరన్న ఉంటే
వాళ్ళు మాట్లాడున్రి" అన్నడు.
ఆపా నా దిక్కు చూపిచ్చింది.
"ఇనోచ్ బోల్తే."

ఏం మాట్లాడిన్నో యాదికి లేదు.
చెప్పుల మీద వాన బురద ఉండె, అదే చూసుకుంట మాట్లాడిన.
కాయితం మీద ముద్ర పడ్డ చప్పుడు యాదికున్నది.
మూడు నెలలకు
రెండు రకాల గోళీలొచ్చినయి.
మూడోది రాలే.
మళ్ళ సోమవారం పోవాలె,
సాల్మన్‌తోని డ్యూటీ మార్చుకోవాలె.

ఇయ్యాల పొద్దుగాల పటాన్‌చెరు బండి, నిలవడ సందు లేదు.
బ్రిడ్జి దిగుతుంటె మళ్ళ అదే చరుపు, అదే మాట.
"నాది గూడ అదే స్టాపన్నా," అన్న,
"టికెట్ జూపియ్యి."
తీసుకోలే అతను. తడుముకున్నడు.
వెనుక సీటుల ఒక పోరగాడు
అంగీ లోపల ఫైలు దాచుకొని
లేవాల్నా వద్దా అని కమ్మిని పట్టుకున్నడు.
తల్లి కిటికీల కెల్లి బయటికే చూస్తున్నది.

మిషను చంకల పెట్టుకున్న.
గొంతు సవరించుకున్న.
ఎర్రగడ్డ! ఎర్రగడ్డ!
మెల్లగ, తొందర లేదు, బండి ఆపుత.
దిగేవాళ్ళు ముందుకు రావాలె.